సర్వీసు అంటే సేవ ఒక్కటే కాదు

"ఆయనకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది." "రద్దీ దృష్ట్యా అదనపు సర్వీసులు నడుపుతున్నారు." "కొత్తగా వ్యవసాయ సర్వీసులు మంజూరయ్యాయి." "సర్వీస్ రివాల్వర్‌తో కాల్చుకున్నాడు." ఈ నాలుగు వాక్యాలూ ఒకే రోజు దినపత్రికలో కనబడినా తెలుగు పాఠకుడెవరూ తడుముకోరు. మొదటి వాక్యంలో సర్వీసు అంటే కాలం. రెండో వాక్యంలో బస్సు చేసే ఒక ప్రయాణం. మూడో వాక్యంలో కరెంటు కనెక్షన్. నాలుగో వాక్యంలో, ఉద్యోగరీత్యా చేతికి వచ్చిన ఆయుధాన్ని గుర్తుపట్టే విశేషణం. ఈ నాలుగు చోట్లలో ఎక్కడా ఆ మాట తీసి "సేవ" అని పెట్టి చదవలేము. అయినా ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు తెరిస్తే ముందుగా ఎదురయ్యేది సేవే, సర్కారు పత్రాల అనువాదాల్లో కనిపించేదీ సేవే. అనువాదం వృత్తిగా ఉన్న నాకు ఈ ఎడం తరచుగా తగులుతూ ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క మాట ప్రపంచంలో ఎక్కడెక్కడికి వెళ్లి ఏమేమి అయిందో కొంతకాలంగా ఆసక్తిగా గమనిస్తూ వస్తున్నాను.

గమనించినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. అరువు మాట తన సొంత భాషలోని అర్థాలన్నిటినీ మూటగట్టుకుని రాదు. ఎవరి ద్వారా వచ్చిందో, ఏ పని మీద వచ్చిందో, ఆ పనికి కావలసిన అర్థం మాత్రమే పట్టుకుని వస్తుంది. వచ్చాక, కొత్త భాషలో అప్పటిదాకా పేరు లేని చోటేదో చూసుకుని అక్కడ పెరుగుతుంది. అందుకే సర్వీసు అనే మాట ఒక దేశంలో ఉద్యోగ కాలమైంది, ఇంకొక దేశంలో ఉచితంగా ఇచ్చే వస్తువైంది, వేరొక దేశంలో పింగాణీ పాత్రల సెట్టయింది, మరొక చోట పిల్లలను బడికి తీసుకెళ్లే బండి అయింది.

దీని పుట్టుక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. లాటిన్‌లో సెర్వుస్ అంటే బానిస, సెర్విటియుమ్ అంటే బానిసత్వం. అది ఫ్రెంచిలో మెత్తబడి, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత ఇంగ్లిష్‌లోకి చేరింది. అక్కడ అది తొలినాళ్లలోనే చర్చిలో జరిగే ఆరాధనకు పేరయింది. ఆ తర్వాత ప్రభువు కొలువుకూ, సైన్యంలో పనికీ, భోజనాల బల్ల దగ్గర వడ్డనకూ, వడ్డనకు వాడే పాత్రలకూ, టెన్నిస్‌లో బంతిని ఆటలోకి కొట్టడానికీ, యంత్రాల మరమ్మతుకూ వరసగా విస్తరించింది. అంటే ఇంగ్లిష్‌కు కూడా ఇది అరువు మాటే. ఇతర భాషలవాళ్లు దీన్ని "తప్పుగా" వాడుతున్నారని అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి: బానిసత్వమనే అర్థంతో బయలుదేరిన మాటను టెన్నిస్ కోర్టుదాకా తీసుకెళ్లినది కూడా అరువు తెచ్చుకున్నవాళ్లే.

తెలుగువారికి ఈ మాట ఆఫీసు నుంచి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులను "కంపెనీ సర్వెంట్లు" అని రాసుకునేది. సైన్యంలో పనిచేసేవారి నుంచి వేరుగా చెప్పడానికి మిగిలినవారిని సివిల్ సర్వెంట్లు అనేవారు. 1855లో లండన్‌లో పోటీ పరీక్షలు మొదలయ్యాయి. 1926 అక్టోబరు 1న ఇండియాలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏర్పడింది. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం 14వ భాగంలో 308 నుంచి 323 వరకు ఉన్న అధికరణాలన్నీ సర్వీసుల గురించే. ఇక్కడ ఒక చిత్రమైన చీలిక జరిగింది. సర్వెంటు, సర్వీసు ఒకే వేరు నుంచి పుట్టినవి, ఒకే కాగితంలో కలిసి ప్రయాణించినవి. కానీ తెలుగులో సర్వెంటు అంటే ఇంటి పనిమనిషి అయింది, సర్వీసు మాత్రం గౌరవం కూడగట్టుకుంది. "సర్వీస్ కమిషన్ రాసి సెలెక్ట్ అయ్యాడు" అని గర్వంగా చెప్పుకునే ఏ తల్లిదండ్రులకూ ఆ మాటలో పనివాడి నీడ కనబడదు.

ఈ ఆఫీసు దారిన వచ్చిన సర్వీసు తెలుగులో ఏమైందో కొంచెం దగ్గర నుంచి చూడాలి. ఉద్యోగాన్ని చెప్పడానికి మనకు మాటల కరవేమీ లేదు. కొలువు ఉంది, ఉద్యోగం ఉంది, నౌకరీ ఉంది, చాకిరీ ఉంది, కాస్త కిందికి దిగితే ఊడిగం ఉంది, వెట్టి ఉంది. ఇవన్నీ ఉండగా సర్వీసు ఎందుకు నిలబడింది? ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. "మీకు ఎంత సర్వీసు?" అని అడిగితే "ఇరవై రెండేళ్లు" అని వెంటనే జవాబు వస్తుంది. "మీకు ఎంత ఉద్యోగం?" అని అడిగితే అది ప్రశ్నే కాదు. "ఎంత కొలువు?" అన్నా అంతే. అంటే తెలుగులో సర్వీసు అనేది ఉద్యోగానికి పేరు కాదు, ఉద్యోగంలో గడిచిన, గడవవలసిన కాలానికి పేరు. ఇంగ్లిష్‌లో ఇన్ని "సంవత్సరాల" సర్వీసు అని విడమరిచి చెప్పవలసినచోట మన మాటలో సంవత్సరాలు ముందే ఇమిడి ఉన్నాయి. సర్వీసు కలుస్తుంది, తెగుతుంది, మిగులుతుంది, పోతుంది. పెన్షను, ప్రమోషను, సీనియారిటీ అన్నీ ఆ కాలం మీదే ఆధారపడతాయి కాబట్టి, ఆ కాలానికి ఒక పేరు అవసరమైంది. ఆ పేరు సర్వీసు రిజిస్టరు అట్ట మీద సిద్ధంగా ఉంది.

కరెంటు విషయంలోనూ జరిగింది ఇలాంటిదే. స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ సర్వీసు వైరు. ఇంటికి ఇచ్చిన కనెక్షన్‌ను ఇంగ్లిష్ విద్యుత్ పరిభాషలో సర్వీస్ కనెక్షన్ అంటారు. తెలుగు లైన్‌మన్ ఆ జంటలో రెండో మాట వదిలేశాడు. "ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని సర్వీసులు ఉన్నాయి?" అంటే ఎన్ని ఇళ్లకు, ఎన్ని మోటార్లకు కనెక్షన్ ఉందని అర్థం. "సర్వీసు ఎవరి పేరు మీద ఉంది?" అంటే మీటరు ఎవరి పేరున నమోదైందని అర్థం. బిల్లు మీద సర్వీసు నంబరు ఉంటుంది. ఈ సర్వీసుకు పేరు మార్పు చేయించుకోవచ్చు, దాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఇంకొకరి పేర దొంగచాటుగా తీసుకున్నవారూ ఉంటారు. ఇక్కడ సర్వీసు దాదాపు ఆస్తి లాంటిది.

బస్సు సర్వీసు కూడా బస్సు కాదు. ఒక సర్వీసు రద్దయిందంటే బస్సు పాడైందని కాదు; అది డిపోలో శుభ్రంగానే నిలబడి ఉండవచ్చు. రద్దయింది ఆ వేళకు, ఆ దారిలో జరగవలసిన ఒక రాకపోక. ఇక బండి సర్వీసింగు సంగతి: కొత్త బండికి మొదటి సర్వీసు, రెండో సర్వీసు, ఫ్రీ సర్వీసులు అని లెక్కగా చెబుతారు. ఇప్పుడు ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. ఉద్యోగిది ఇన్నేళ్ల సర్వీసు, డిపోకు రోజుకు ఇన్ని సర్వీసులు, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇన్ని సర్వీసులు, బండికి ఇన్ని ఫ్రీ సర్వీసులు. అన్నీ లెక్కకు అందేవే. సేవను ఎవరూ ఒకటి, రెండు అని లెక్కపెట్టరు, సర్వీసును లెక్కపెడతారు. ప్రతిదానికీ వెనుక ఒక రిజిస్టరో, టైం టేబులో, బిల్లో, కూపనో ఉంది. ఆఫీసు కాగితం వెంట వచ్చిన మాట కాబట్టి తెలుగులో అది కాగితం మీద నమోదయ్యేదానికి పేరైంది. సేవ, సర్వీసు ఒకదానికొకటి పర్యాయపదాలు కావని నేను గట్టిగా అనడానికి ఇదే కారణం. సోషల్ సర్వీసు, "ఆ హోటల్లో సర్వీసు బాగుంటుంది" వంటి వాడుకల్లో సేవకు దగ్గరగా వచ్చే మాట నిజమే. కానీ ఆ వాడుకల్లో ఇంగ్లిష్ వాసన ఇంకా పోలేదు. పైన చెప్పిన నాలుగూ పూర్తిగా మనవి.

ఇక జపాన్‌కు వెళితే ఇదే మాట సరిగ్గా దీనికి ఎదురుగా నిలబడుతుంది. అక్కడ దీని ఉచ్చారణ "సాబిసు". దుకాణదారు సరుకుతో పాటు ఒక చిన్న వస్తువు కలిపి చేతిలో పెట్టి "ఇది సాబిసు" అంటే, దీనికి డబ్బు అక్కరలేదు అని అర్థం. మన కొసరు ఉంది చూశారూ, అదే. జపనీస్‌లో కొసరుకు "ఒమకె" అని సొంత మాట ఉన్నా, సాబిసులో దానికి లేని ఒక ఛాయ ఉంది: ఇవ్వవలసిన అవసరం లేకపోయినా మీ మీద ఆదరంతో ఇస్తున్నాను అనే ఛాయ. ఈ మాట అక్కడ స్థిరపడింది దుకాణం బల్ల దగ్గర. బల్లకు ఇవతల ఉన్న మనిషికి సర్వీసు అంటే తాను డబ్బు చెల్లించని భాగం. సరుకుకు డబ్బు ఇచ్చాడు, కట్టి ఇచ్చినందుకూ నవ్వుతూ పలకరించినందుకూ ఇవ్వలేదు. అలా "చెల్లించనక్కరలేనిది" అనే అర్థం మాటకు ప్రాణమైంది.

ఆ ఒక్క అర్థం నుంచి ఎన్ని కొమ్మలు వచ్చాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దుకాణాల్లో భారీ తగ్గింపు అమ్మకానికి "షుక్కెత్సు దాయ్ సాబిసు" అని బోర్డు పెడతారు. రక్తం కారేంత పెద్ద సర్వీసు అని దాని అర్థం, అంటే మాకు నష్టమైనా ఇస్తున్నాం అని. పరీక్షలో అందరికీ మార్కులు రావాలని ఉపాధ్యాయుడు పెట్టిన తేలిక ప్రశ్న సాబిసు ప్రశ్న. సెలవు రోజున తండ్రి తన విశ్రాంతి మానుకుని భార్యాపిల్లలను బయటికి తీసుకెళితే అది "కజొకు సాబిసు", కుటుంబానికి చేసే సర్వీసు. ఉదయం పూట కాఫీ హోటల్లో కాఫీ తీసుకుంటే దానితో రొట్టె, గుడ్డు లాంటివి కలిపి ఇవ్వడం మార్నింగ్ సాబిసు. ఇంగ్లిష్‌లో ఇదే జంట మాటకు చర్చిలో ఉదయపు ప్రార్థన అని అర్థం. ఆటగాళ్లు, కళాకారులు అభిమానుల సంతోషం కోసం ప్రత్యేకంగా చేసేది ఫ్యాన్ సాబిసు. ఈ చివరి మాట యానిమే (జపాన్ యానిమేషన్ చిత్రాలు) చూసేవారి ద్వారా జపనీస్ అర్థంతోనే తిరిగి ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. ఇప్పుడు ఇంగ్లిష్ సినిమా సమీక్షల్లో ఫ్యాన్ సర్వీస్ అని రాసేవారిలో చాలామందికి తాము జపాన్‌లో మారిన మాట వాడుతున్నామన్న స్పృహ ఉండకపోవచ్చు.

ఇంత ఉదారమైన మాట జపాన్ ఆఫీసుల్లో ఒక క్రూరమైన పనికి కూడా ఉపయోగపడుతోంది, ఈ భాగం నన్ను చాలా కలవరపెట్టింది. పనివేళలు ముగిశాక కూడా ఉద్యోగి కూర్చుని పనిచేసి, దానికి డబ్బు తీసుకోకపోవడాన్ని "సాబిసు జంగ్యో" అంటారు. జంగ్యో అంటే పనివేళల తర్వాత చేసే పని. జపాన్‌లో 1947 నాటి కార్మిక ప్రమాణాల చట్టం ప్రకారం అదనపు గంటలకు మామూలు వేతనం మీద కనీసం 25 శాతం ఎక్కువ చెల్లించాలి. అంటే సాబిసు జంగ్యో చట్టవిరుద్ధం. కానీ దానికి పెట్టిన పేరులో నేరం కనబడదు, ఆదరం కనబడుతుంది. యజమాని ఎగ్గొట్టిన జీతం ఉద్యోగి స్వయంగా ఇచ్చిన కొసరులాగా వినబడుతుంది. 2003లో అక్కడి కార్మిక మంత్రిత్వశాఖ ఈ దుస్థితిపై చర్యల పత్రం విడుదల చేసినప్పుడు సాబిసు అనే మాటను పక్కన పెట్టి, "వేతనం చెల్లించని అదనపు పని" అనే అర్థం వచ్చే జపనీస్ పదబంధాన్ని వాడింది. అది సరైన పని. తెలుగులో దీనికి సూటిగా వెట్టి అనే అంటాం. లాటిన్‌లో బానిసత్వంగా మొదలైన మాట, ఇన్ని దేశాలు తిరిగి, దుకాణపు కొసరుగా మారి, ఆ కొసరు మాటున మళ్లీ ప్రతిఫలం లేని చాకిరీ దగ్గరికే చేరింది. జపాన్‌లో ఎవరూ లాటిన్ వేరు తవ్వి ఈ పేరు పెట్టలేదు. మాటలోని "చెల్లించనక్కరలేనిది" అన్న అర్థమే ఎవరు ఎవరికి చెల్లించనక్కరలేదు అన్న ప్రశ్నను మరుగుపరిచి అక్కడికి లాక్కువెళ్లింది.

అయితే జపాన్‌లో కూడా ఈ మాటకు ఒకే అర్థం లేదు. పెద్ద హోటళ్ల బిల్లులో సాబిసు రుసుము అని ప్రత్యేకంగా వసూలు చేస్తారు. చేతిలో పెట్టిన వస్తువు సాబిసు అయితే ఉచితం, బిల్లులో రాసిన సాబిసు అయితే డబ్బు. అక్కడివారికి ఇందులో తికమక లేదు, మనకు సర్వీసు వైరుకూ సర్వీసు రిజిస్టరుకూ తికమక లేనట్టే.

కొరియన్‌లో "సొబిసు" కూడా హోటల్లోనో దుకాణంలోనో యజమాని ఉచితంగా తెచ్చిపెట్టేదే. వాళ్లకూ కొసరును చెప్పే సొంత మాట ఉంది, అయినా ఇదీ కలిసే బతుకుతోంది. వస్తువు కొన్న తర్వాత చేసే మరమ్మతును జపనీస్‌లో ఆఫ్టర్ సర్వీస్ అన్నారు. కొరియన్లు దాన్ని రెండు ఇంగ్లిష్ అక్షరాలకు కుదించి "ఏ ఎస్" అంటారు. ఫోను పాడైతే ఏ ఎస్ కేంద్రానికి తీసుకెళతారు. ఇంగ్లిష్ మాతృభాష అయినవారికి ఆ రెండు అక్షరాలు చూపిస్తే ఏమీ అర్థం కాదు.

ఐరోపాలో ఈ మాట కథ వేరు, ఎందుకంటే అక్కడి భాషల్లో చాలావాటికి ఇది రెండుసార్లు వచ్చింది. మొదట ఫ్రెంచి నుంచి, సంపన్నుల భోజనాల బల్లతో పాటు వచ్చింది. అప్పుడు తెచ్చిన అర్థం ఒకే నమూనాలో ఉన్న పళ్లాలు, కప్పుల సెట్టు. తర్వాత ఇంగ్లిష్ నుంచి, వ్యాపారంతో పాటు వచ్చింది. అప్పుడు తెచ్చిన అర్థం వినియోగదారుడికి చేసే పని. జర్మన్‌లో ఈ రెండింటినీ ఒకే స్పెల్లింగుతో రాస్తారు. కానీ పాత్రల సెట్టును "జెర్వీస్" అని ఫ్రెంచి పద్ధతిలో రెండో అక్షరాన్ని ఒత్తి పలుకుతారు, అది నపుంసకలింగం. వ్యాపార సేవను "సోర్విస్" అని ఇంగ్లిష్‌కు దగ్గరగా పలుకుతారు, అది జర్మనీలో పుంలింగం. అక్షరాలు ఒకటే, నోరు వేరు, లింగం వేరు. రష్యన్‌లో రాతలోనే తేడా ఉంది: పాత్రలు "సెర్వీజ్", వ్యాపార సేవ "సేర్విస్". ఒకే మాట ఏ కాలంలో, ఎవరి బల్ల దగ్గరికి వచ్చిందో ఆ ఉచ్చారణల్లో భద్రంగా ఉండిపోయింది. పోలిష్ భాష ఇంత విడదీయలేదు. అక్కడ "సెర్విస్" ఒక్కటే కాఫీ కప్పుల సెట్టు, కార్ల మరమ్మతు షెడ్డు, వార్తల బులెటిన్, వెబ్‌సైటు, టెన్నిస్‌లో మొదటి దెబ్బ అన్నీ అవుతుంది. వాక్యంలో పక్కనున్న మాటే అర్థం చెబుతుంది.

ఇలా రెండుసార్లు రావడం ఐరోపాకే పరిమితం కాదు. ఫిలిప్పీన్స్‌ను 1898లో స్పెయిన్ అమెరికాకు అప్పగించింది. అందువల్ల ఫిలిపినోలో స్పానిష్ దారిన వచ్చిన "సెర్బిస్యో" సేవ అనే విస్తృతార్థంలో ఉంది, ఇంగ్లిష్ దారిన వచ్చిన "సర్వీస్" పిల్లలను బడికీ, ఉద్యోగులను ఆఫీసుకూ తీసుకెళ్లే బండికి పేరైంది. ముందొచ్చినది పెద్ద అర్థాన్ని ఆక్రమించి కూర్చోవడంతో, తర్వాత వచ్చినది చిన్నదైనా ఖాళీగా ఉన్న చోటు చూసుకుంది.

ఈ బండి అర్థం దగ్గర భాషలు విచిత్రంగా కలుస్తాయి. టర్కిష్‌లో ఫ్రెంచి నుంచి వచ్చిన "సెర్విస్" కూడా బడి పిల్లలను, కార్మికులను చేరవేసే బండే. లెబనాన్‌లో, ఆ చుట్టుపక్కల అరబ్బీ మాట్లాడేచోట్ల "సెర్వీస్" అంటే నలుగురు కలిసి ఎక్కే టాక్సీ. బేరూత్ వీధిలో టాక్సీని ఆపినవారు ముందుగా సెర్వీసా, టాక్సీనా అని తేల్చుకుంటారు. సెర్వీస్ అయితే దారిలో ఇతరులనూ ఎక్కించుకుంటారు, టాక్సీ అయితే బండి మొత్తం తీసుకున్నట్టు. దూరం ఎక్కువైతే డ్రైవరు "సెర్వీసైన్" అంటాడు. అరబ్బీలో ఏకవచనం, బహువచనం కాక రెండింటికి ప్రత్యేకంగా ద్వివచనం ఉంది. పరాయి మాటకు ఆ ద్వివచన ప్రత్యయం తగిలించి "రెండు సర్వీసులు", అంటే ఇద్దరి చార్జీ ఇవ్వాలి అని చెబుతున్నాడన్నమాట. ఒక మాట నిజంగా మరో భాషదైపోయిందనడానికి నాకు తెలిసిన అత్యుత్తమ సాక్ష్యం ఇది: వ్యాకరణం దాన్ని తన సొంత బిడ్డలాగా చూడటం. హిబ్రూలో ఈ మాటనే తీసుకోకుండా, సేవ అనే అర్థమున్న సొంత మాట "షెరూత్"ను అదే రకం టాక్సీకి పెట్టుకున్నారు. తెలుగులో సర్వీసు చివర ఉకారం చేర్చుకుని, సర్వీసులు, సర్వీసుకు, సర్వీసులో అని విభక్తులన్నీ తీసుకోవడం కూడా ఈ కోవలోదే.

జంట మాటలో సగం వదిలేయడం గురించి ఇంకొక్క సంగతి. ఫ్రెంచివారు ఇంగ్లిష్ నుంచి సెల్ఫ్-సర్వీస్ తీసుకున్నారు. సర్వీస్ ఎటూ తమదే కనుక కాబోలు, దాన్ని వదిలి "సెల్ఫ్" ఉంచుకున్నారు. ఫ్రెంచిలో సెల్ఫ్ అంటే మనమే వడ్డించుకుని తినే భోజనశాల. తెలుగులో సెల్ఫ్ అంటే బండి స్టార్టరు: "సెల్ఫ్ అందుకోవడం లేదు" అంటే మెకానిక్‌కు అర్థమవుతుంది. మూల భాషలో సెల్ఫ్ అనే ఆ సగానికి భోజనంతో గానీ ఇంజన్‌తో గానీ సంబంధం లేదు. సంబంధం వదిలేసిన సగంలో ఉంది. దాన్ని వదిలేసినా అర్థం మాత్రం పోకుండా మిగిలిన సగంలోకి మారింది.

ఇవన్నీ చూశాక మన నిఘంటువుల దగ్గరికి వస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన ప్రసిద్ధ నిఘంటువులతో పాటు, తెలుగులో వాడుకలో ఉన్న అన్యదేశ్యాలకూ మిశ్ర భాషకూ ప్రత్యేకంగా ఒక నిఘంటువు చేసి 1854లో మద్రాసులో వేయించాడు. కచేరీలో, సంతలో జనం నోట వినబడే మాటలను అర్థాలతో సహా నమోదు చేయాలన్న పట్టుదల ఆయనకుంది. ఆ తర్వాత మన పండితులు చాలామంది అన్యదేశ్యాలను నిఘంటువు గడప దాటనివ్వకపోవడమే భాషాసేవ అనుకున్నారు. ఆధునికులు ఇంకో మార్గం పట్టి, ఇంగ్లిష్ మాటకు సంస్కృత సమాసం ఎదురు పెట్టి పని అయిపోయిందనుకున్నారు. ఈ రెండు పద్ధతుల్లోనూ జనం సర్వీసుతో చేసిన పని ఎక్కడా నమోదు కాలేదు. పర్యవసానంగా "పన్నెండు సంవత్సరాల సేవ పూర్తిచేసిన ఉద్యోగి", "మీ విద్యుత్ సేవ సంఖ్య" వంటి వాక్యాలు పుడుతున్నాయి. ఉద్యోగి పన్నెండేళ్లు చేసింది సేవో ఉద్యోగమో పక్కన పెట్టినా, అక్కడ లెక్క తేలవలసినది కాలం. ఆ సంగతి సేవ అనే మాట చెప్పదు. యంత్రానువాదం ఈ పొరపాటును ఇప్పుడు మరింత వేగంగా వ్యాపింపజేస్తోంది, ఎందుకంటే దానికి మనం ఇచ్చిన జంట మాటల్లో సర్వీసుకు ఎదురుగా సేవ తప్ప మరొకటి దొరకదు.

అందుకని, సర్వీసు అనే ఆరోపం (నిఘంటువులో అర్థాలు ఇవ్వడానికి ఎత్తి రాసే మాట) కింద ఏమేమి ఉండాలో నాకు తోచిన మేరకు రాసిపెట్టాను. మొదటి అర్థం: ఉద్యోగంలో చేరిన నాటి నుంచి లెక్కకు వచ్చే కాలం, ఉదాహరణ, "అతనికి పెన్షనుకు చాలినంత సర్వీసు లేదు." రెండోది: నిర్ణీత వేళకు, నిర్ణీత దారిలో బస్సు, విమానం చేసే ఒక రాకపోక. మూడోది: స్తంభం నుంచి ఒక మీటరుకు ఇచ్చిన విద్యుత్ కనెక్షన్. నాలుగోది: వాహనానికి, యంత్రానికి కాలక్రమం ప్రకారం చేసే పరిశీలన, శుభ్రత, మరమ్మతు. అయిదోది: ఆటలో బంతిని మొదటగా కొట్టడం. ఆరోది: హోటల్లో, దుకాణంలో, ఆసుపత్రిలో మనిషికి అందే పలకరింపు, పనితీరు, ఇక్కడ మాత్రం "సేవ చూ." (సేవ అనే మాట చూడండి) అని రాయవచ్చు. సర్వీసింగును నాలుగో అర్థం కిందనే చేర్చాలా, వేరే ఆరోపంగా ఇవ్వాలా అన్నది నేనింకా తేల్చుకోలేదు. "బండి సర్వీసు చేయించాను" అనేవారూ "సర్వీసింగు చేయించాను" అనేవారూ సమానంగా వినబడుతున్నారు. అయితే షెడ్డులో పనిచేసేవారి మాటల్లో "సర్వీసింగు" బండి కడగడానికి మాత్రమే వాడటం, ఆయిలు మార్చి బోల్టులు బిగించే మొత్తం పనిని "జనరల్ సర్వీసు" అనడం అక్కడక్కడ గమనించాను. ఆ తేడా స్థిరపడితే దానికి వేరే ఆరోపమే ఇవ్వాలి.